అంచుదాకా పోసిన బకెట్లు

మా పై అంతస్తులో ఉండే లిఫ్టు మెకానిక్కుని మా భవనంలో అందరూ "మర్చిపోండిగారు" అంటారు. మొహం మీద కాదు లెండి, వెనకాల. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఏ వస్తువు బిగించినా చివర్లో చేతులు దులుపుకుంటూ "పెట్టేశాను, ఇక మర్చిపోండి" అనడం ఆయన అలవాటు. కుళాయికి వాషరు వేసినా అదే మాట, మెట్ల మీద లైటు దానంతటదే వెలిగి ఆరేలా చేసినా అదే మాట. నేను కింది వాటాలో బట్టలు కుడతాను. నా మిషనుకి మోటారు బిగించింది ఆయనే. ఆ రోజు కూడా మర్చిపొమ్మన్నాడు. "రోజంతా దాని ముందే కూర్చునేదాన్ని, ఎలా మర్చిపోతానండీ అన్నయ్యగారూ?" అంటే పకపకా నవ్వాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు తలుపులు బాదుతారు, బయటున్నవాళ్ళు ఈయన ఫోను మోగిస్తారు. కంచం ముందు కూర్చున్నా, ఇంటినిండా చుట్టాలున్నా లేచి పరిగెత్తాల్సిందే. అలాంటి ఉద్యోగం చేసి చేసి, తనని పిలవని వస్తువే మంచి వస్తువని ఆయన మనసులో నాటుకుపోయింది. మనుషుల్ని కూడా అదే కొలతతో కొలిచేవాడు. ఒకసారి వాళ్ళ మేనత్త గురించి "ఆవిడ బంగారమండీ, ఒక్కసారి కూడా ఫోన్ చేయదు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం.

ఆ కొలత ప్రకారం చూస్తే ఆయనకి పెద్దక్కని మించిన మనిషి లేదు. ఈయన నెలలు నిండకుండా పుట్టాడట. ఏడవడానికి కూడా ఓపిక లేని పసిగుడ్డు. తల్లి మిల్లులో షిఫ్టులకి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. పెద్దక్క అప్పటికి బడికి వెళ్ళే పిల్ల. బడి మానేసి, తమ్ముణ్ణి దూదిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఇంకు పోసే ఫిల్లరుతో చుక్క చుక్క పాలు నోట్లో వేసి బతికించింది. ఈ కథ నాకు చెప్పింది ఆవిడ కాదు, ఆయనే. లిఫ్టు గదిలో నూనె చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. ఆ తర్వాత పెద్దక్క పెళ్ళి చేసుకోలేదు. ఓ విద్యార్థుల హాస్టల్లో వంటావిడగా చేరి, చివరికి ఆ వంటశాలంతా తన చేతిమీద నడిపించింది. తమ్ముణ్ణి ఎప్పుడూ ఏదీ అడగలేదు.

మోకాలికి ఆపరేషనయ్యాక ఆవిడని హాస్టలు నుంచి తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఎంత ముచ్చటగా తెచ్చుకున్నాడో నేను చూశాను. కిటికీ ఉన్న గది ఆవిడకిచ్చి, తనూ భార్యా ఇరుకు గదిలోకి మారారు. "జన్మంతా నిలబడే ఉన్నావు. ఇంక కాలు మీద కాలు వేసుకుని కూర్చో అక్కా" అన్నాడు. వాళ్ళావిడ, అంటే మా వదిన, ఆస్పత్రిలో నర్సు; ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. ఆవిడ డ్యూటీకి వెళ్తే పెద్దక్క మెల్లగా వంటింట్లోకి వెళ్ళేది. అది చూసి ఈయన వంటమనిషిని పెట్టాడు. పెద్దక్క గిన్నెలు తోముతుంటే చూసి గిన్నెలు కడిగే యంత్రం తెచ్చాడు. బట్టలు ఆరేస్తుంటే చూసి, ఆరబెట్టే యంత్రం కూడా తెచ్చాడు. తలుపు తీయడానికి లేస్తుందని తలుపుకి గదిలోంచే నొక్కే మీట పెట్టాడు. ప్రతి దానికీ చివర చేతులు దులుపుకున్నాడు. ఆ ఇంట్లో పెద్దక్కని అతిథిలా కూర్చోబెట్టాడు, వెళ్ళే తారీఖు లేని అతిథిలా.

ఇక ఆవిడకి మిగిలింది డాబా. మా లిఫ్టు పై అంతస్తు వరకే వెళ్తుంది. డాబా మీదికి ఇంకో వరస మెట్లెక్కాలి. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన పాత డబ్బాల్లో మట్టి పోసి నాలుగు టమాటా మొక్కలూ, కాసిన్ని మిరపా, పాలకూరా వేసుకుంది. పొద్దున్నే మగ్గుతో నీళ్ళు మోసేది. పైనుంచి దిగి వచ్చేటప్పుడు నా గుమ్మం దాకా వచ్చి "ఇవాళ రెండు పూతలొచ్చాయమ్మా" అని చెప్పి వెళ్ళేది. నేనైతే ఎన్నిసార్లు విన్నా విసుక్కోలేదు. ఆవిడ మొహం అంత కళగా ఇంకెప్పుడూ కనబడేది కాదు.

ఒకరోజు మెట్లు దిగుతుంటే ఆవిడ కాలు జారింది. పెద్ద దెబ్బేం కాదు, మోచెయ్యి కొట్టుకుంది. కానీ మర్చిపోండిగారి గుండె జారిపోయింది. ఆ ఆదివారం మట్టి డబ్బాలన్నీ కిందికి దించేసి, వాటి చోట బకెట్లు పెట్టాడు.

ఆ బకెట్ల పద్ధతి చెబితే ఎవరికైనా అర్థమయ్యేదే. రంగులు వేసేవాళ్ళు వాడి పారేసిన పెద్ద బకెట్టు, మూతతో సహా. దాన్ని మరక లేకుండా కడిగి, లోపలికి వెలుతురు పోతే పాచి పడుతుంది కాబట్టి బయట నల్లరంగు పూసి, ఎండకి కాగకుండా దానిమీద తెల్లరంగు పూస్తాడు. మూత మధ్యలో గుండ్రంగా కోసి, ఆ కంతలో చిల్లులున్న ప్లాస్టిక్ కప్పు దింపుతాడు. కప్పులో కాస్త కొబ్బరిపీచు, గులకరాళ్ళు, వాటి మధ్య మొక్క. బకెట్టు నిండా మొక్కకి కావలసిన ఎరువు పొడి కలిపిన నీళ్ళు. మట్టి లేదు, మోటారు లేదు, కరెంటు లేదు. మొక్క తాగుతున్నకొద్దీ నీళ్ళు తగ్గుతాయి. పైన ఖాళీ అయిన చోట వేళ్ళు గాలి పీలుస్తాయి, కింది వేళ్ళు నీళ్ళు తాగుతాయి. కిటుకంతా ఆ ఖాళీలోనే ఉంది. నీళ్ళు బాగా అడుగంటాక కాస్త పోయాలి, అదీ అడుగు తడిసేంత. మళ్ళీ అంచుదాకా పోస్తే గాలికి అలవాటు పడ్డ వేళ్ళు ఊపిరాడక కుళ్ళిపోతాయి. లోపల ఎన్ని నీళ్ళున్నాయో మూత తీయకుండా తెలియడానికి బకెట్టు పక్కన సన్నటి గొట్టం ఒకటి నిలబెట్టాడు.

"చూశావా అక్కా, ఇంక నువ్వు పైకి ఎక్కక్కర్లేదు. ఇవి వాటంతటవే పెరుగుతాయి" అన్నాడు. పెద్దక్క బకెట్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఒక మూత మీద చెయ్యి వేసి చూసి, "బాగున్నాయిరా" అంది. అంతే అంది.

నిజంగానే బాగున్నాయి. వాటిని చూసి భవనంలో సగం మంది తమకీ పెట్టించుకున్నారు. నా వరండాలో రెండు పెట్టాడు. నాకు మొక్కల మీద ప్రేమా లేదు, పగా లేదు. అడుగంటినప్పుడు కాసిన్ని నీళ్ళు పోసి, వాటి మానాన వాటిని వదిలేశాను. టమాటాలు గుత్తులు గుత్తులుగా కాశాయి. అందరి ఇళ్ళలోనూ కాశాయి. ఒక్క డాబా మీద, అవి పుట్టిన చోట మాత్రం, మొక్కలు ఒకదాని తర్వాత ఒకటి వాడిపోవడం మొదలుపెట్టాయి.

మర్చిపోండిగారికి నిద్ర పట్టలేదు. పొడి మార్చాడు, విత్తనం మార్చాడు, ఎండకి అడ్డంగా గుడ్డ కట్టాడు. చివరికి ఒకరోజు డ్యూటీకి ఆలస్యంగా బయల్దేరి డాబా ఎక్కితే, పెద్దక్క మగ్గుతో ఒక్కొక్క మొక్క కప్పులోకీ నీళ్ళు పోస్తూ కనబడింది. గొట్టంలో నీళ్ళు అంచు తాకేదాకా పోసి, పక్క బకెట్టుకి జరుగుతోంది. ఆయన కోప్పడలేదు. కింద కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి, గాలి వేళ్ళూ నీటి వేళ్ళూ విడివిడిగా చూపించాడు. ఆవిడ తలూపింది. మర్నాడు మళ్ళీ పోసింది. ఆయన మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ పోసింది. అప్పుడాయన రేకు ముక్కలు గుండ్రంగా కోసి, మొక్క కాడ చుట్టూ కప్పుల మీద బిగించి, మూతల చుట్టూ టేపు అంటించాడు. లిఫ్టు గదికి తాళం వేసినంత శ్రద్ధగా అంటించాడు.

ఆ టేపు నేను చూశాను. చూసి ఒళ్ళు మండింది. నా మాట అటుంచండి, పెద్దక్క ఏమందో చెబుతాను. దిండు గలీబు అంచు కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగేశాను.

"ఎందుకు పోస్తారు పెద్దక్కా? ఆయన అంతలా చెబుతున్నాడు కదా. అర్థం కాలేదా?"

"అర్థం కాకేమమ్మా. బొమ్మ కూడా గీశాడుగా." గలీబు మడత సరిచేసింది. "ఆ గొట్టంలో నీళ్ళు దిగిపోతుంటే చూస్తూ ఉండలేను. హాస్టల్లో గ్లాసు సగమైతే నింపేదాన్ని. ఎవరూ అడగక్కర్లేదు, చెయ్యి అదే వెళ్ళిపోయేది. ఇప్పుడూ అదే వెళ్ళిపోతోంది."

"మరి మొక్క చచ్చిపోతోందిగా."

"అవును. తప్పే." అని, నా మిషను వైపు చూస్తూ అంది, "పొద్దున్నే లేస్తానమ్మా. లేచాక ఏం చేయాలో తెలీదు."

నేను సూదిలో దారం ఎక్కించడం ఆపేశాను. ఇంత మాట తమ్ముడితో అనొచ్చు కదా అన్నాను. "వాడు ప్రేమగా చేస్తున్నాడమ్మా. ఎలా అంటాను?" అంది.

ఇంతలో ఆ బకెట్ల పేరు పక్క వీధులకి పాకింది. ఒక ఆదివారం పొద్దున చుట్టుపక్కల భవనాల వాళ్ళు పాతికమంది దాకా చూడ్డానికి వస్తామన్నారు. మర్చిపోండిగారు ముందురోజంతా డాబా కడిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నాలుగు బకెట్లు ముందు వరసలో పెట్టాడు. అందులో ఒకటి ఆయన గర్వంగా చూపించుకునే పెద్ద టమాటా మొక్క, తాడు పట్టుకుని ఆయన ఎత్తు దాటి పాకింది. పెద్దక్కకి కూడా కుర్చీ వేసి, ట్యాంకు నీడలో కూర్చోబెట్టాడు.

వచ్చినవాళ్ళకి పద్ధతంతా చక్కగా చెప్పాడు. "పదిరోజులు ఊరెళ్ళినా దీనికి మీతో పని లేదు. పెట్టేసి మర్చిపోవడమే" అన్నాడు. అందరూ తలలూపారు. ఒకాయన మాత్రం ఆ పెద్ద మొక్క వైపు వేలు చూపించి, "మరి ఇదేంటండీ, తల వేలాడేసింది?" అన్నాడు.

నిజమే. ముందురోజు దాకా నిటారుగా ఉన్న మొక్క ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఆయన "ఎండకి" అన్నాడు. అడిగినాయన ఊరుకునే రకం కాదు. "పక్కవి బాగానే ఉన్నాయిగా. లోపల చూపించండి" అన్నాడు. మర్చిపోండిగారు తప్పక మూత పట్టుకున్నాడు. వెనకవైపు టేపు ఊడి, నాలుగైదు రోజులుగా తీసి అంటించినట్టు నలిగి ఉంది. రేకు ముక్క పక్కకి జరిగి ఉంది. మూత ఎత్తేసరికి నీళ్ళు అంచుదాకా ఉండి ఆయన ఇస్త్రీ చొక్కా మీదికి ఒలికాయి. తెల్లగా ఉండాల్సిన వేళ్ళు గోధుమరంగు జిగురైపోయి, ముద్దగా బయటికొచ్చాయి. మురుగు వాసన కొట్టింది. ముందున్న ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వెనకెవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వు ఆయన చెవిలో పడింది. మొహం ఎర్రబడింది. మూత చేత్తో పట్టుకునే, వచ్చినవాళ్ళ వైపు తిరిగి, తనూ నవ్వుతూ, నవ్వు తెచ్చిపెట్టుకుని అన్నాడు.

"బకెట్ల తప్పు కాదండీ ఇది. మా అక్కది. ఆవిడ చెయ్యి పడితే ఏదీ బతకదు."

అందరూ నవ్వారు. తేలిగ్గా నవ్వేశారు, ఆయన కోరుకున్నట్టే. పెద్దక్క కుర్చీలోంచి లేచింది. కోపంగా లేవలేదు. కమ్మీ ఉన్న వైపు రెండడుగులు వేసి, ఆగి, ఎవరో వేళెంతైందని అడిగితే చెప్పినంత మామూలుగా అంది.

"నువ్వు బతికావు కదరా."

అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒక్కొక్క మెట్టు మీదా ఆవిడ చెప్పుల చప్పుడు మా అందరికీ వినబడింది. వచ్చినవాళ్ళకి ఆ మాట వెనక కథ తెలీదు. కానీ ఆయన మొహం చూశాక ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఎండ ఎక్కువైందని ఒకరూ, పని ఉందని ఒకరూ, మెల్లగా జారుకున్నారు. ఆయన కుళ్ళిన వేళ్ళు కారుతున్న మూతని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను వెళ్ళి ఆ మూత ఆయన చేతిలోంచి తీసి కింద పెట్టాను.

ఆ రోజు నుంచి మనిషి మనిషిలా లేడు. చేసిన పనికి సిగ్గుపడేవాళ్ళని చాలామందిని చూశాను. తలుపేసుకునేవాళ్ళుంటారు, తాగేవాళ్ళుంటారు, ఎదురు కోప్పడేవాళ్ళుంటారు. ఈయన పనిలో దూరాడు. తన వంతు కాని డ్యూటీలు కూడా అడిగి చేశాడు. ఇంటికొస్తే అక్క గది ముందు నుంచి మునివేళ్ళ మీద నడిచి వెళ్ళేవాడట. పెద్దక్క మాత్రం ఎప్పటిలాగే "తిన్నావా?" అనేది, "చొక్కా గుండీ ఊడింది చూసుకో" అనేది. అదే ఆయన్ని ఎక్కువ కాల్చింది. "తిట్టినా బాగుండు వదినా" అని మా వదిన నాతో అంది. "నిద్రలో దుప్పటి మొహం మీదికి లాక్కుంటున్నారు. ఎవరు చూస్తారని?"

"క్షమించమని ఒక్క మాట అంటే ఏం పోతుంది?" అన్నాను.

"నోరు రాదు ఆయనకి. ఏం చెప్పాలన్నా ఏదో ఒకటి తయారుచేసి ఇవ్వడమే తెలుసు."

అన్నట్టే తయారుచేశాడు. ఒక సాయంత్రం పెద్దక్క గది బయటి వరండాలో రెండు బకెట్లు పెట్టాడు. ఒకదాంట్లో గులకరాళ్ళూ మిరప మొక్కా, ఇంకోదాంట్లో ఎరువు కలిపిన నీళ్ళు. రెంటినీ కలుపుతూ అడుగున గొట్టం. నీళ్ళ బకెట్టుని పొద్దున్న చేత్తో ఎత్తి బల్ల మీద పెడితే నీళ్ళు మొక్కలోకి వెళ్తాయి, కాసేపటికి కిందికి దించితే తిరిగొచ్చేస్తాయి. పూటపూటకీ మనిషి చెయ్యి పడాల్సిందే, లేకపోతే ఎండిపోతుంది. జీవితంలో మొదటిసారి ఆయన మనిషి కావలసిన వస్తువు చేశాడు. చేతులు దులుపుకోలేదు కూడా. "అక్కా, ఇది నువ్వు చూసుకోవాలి" అని, నేల చూస్తూ అన్నాడు.

పెద్దక్క మొహం వెలిగింది. నేను అక్కడే ఉన్నాను, చూశాను. నీళ్ళు గులకరాళ్ళలోకి గలగలా ఎక్కుతుంటే చిన్నపిల్లలా ఒంగి విన్నది. ఓ వారం పదిరోజులు వాళ్ళింట్లో మళ్ళీ మాటలు వినబడ్డాయి. ఆయన క్షమాపణ అదేనని నాకర్థమైంది, ఆవిడకీ అర్థమైంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ నేను మీకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

ఒక పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటూ, పెద్దక్క బకెట్టు ఎత్తేటప్పుడు మోకాలు పట్టుకోవడం చూశాడు. ఆ సాయంత్రం వచ్చేటప్పుడు ఒక చిన్న మోటారూ, వేళకి దాన్ని తిప్పి ఆపే టైమరు బిళ్ళా తెచ్చాడు. పెద్దక్క స్నానం చేసి వచ్చేసరికి బిగించేశాడు. నీళ్ళు వాటంతటవే ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ఆయన చేతులు దులుపుకున్నాడు.

మా వదిన చెప్పగా విన్నాను, పెద్దక్క అది చూసి నవ్విందట. ఎగతాళిగా కాదు, ఓడిపోయాక నవ్వే నవ్వు. "నీకు చేతకాదులేరా" అందట. రెండు రోజుల తర్వాత సంచి సర్దుకుంది. ఈయన చిన్నక్క, అంటే పెద్దక్క చెల్లెలు, వేరే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ గేటు ఎదురుగా క్యాంటీను నడుపుతుంది. అక్కడ చేతులు చాలట్లేదని ఫోను చేసిందట. "కొన్నాళ్ళుండి వస్తాను" అంది పెద్దక్క. ఎన్నాళ్ళో చెప్పలేదు. ఆయన అడగలేదు, అడిగే మొహం లేక. చిన్నక్క పంపిన కారు డిక్కీలో సంచి పెట్టి, తలుపు వేసి, పక్కకి తప్పుకున్నాడు.

వెళ్ళాక ఆవిడ ఫోను చేయలేదు. ఫోను చేయని మనిషి బంగారమని మెచ్చుకున్నవాడు, ఇప్పుడు జేబులోంచి ఫోను తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకునేవాడు. చివరికి మా వదినే పూనుకుంది. "వెళ్ళి తీసుకొద్దాం. వదినా, మీరూ రండి. మీరంటే అక్కకి ఇష్టం. ఈయన నోరు విప్పకపోతే మీరైనా మాట్లాడతారు" అంది. దారిపొడుగునా ఆయనే కారు నడిపాడు. ఊరు దగ్గరపడ్డాక, "ఏమని మొదలుపెట్టాలండీ?" అని నన్నడిగాడు. అన్న మాటని అన్నట్టుగా చెప్పి తప్పని చెప్పండి, అంతకంటే దగ్గరిదారి లేదు అన్నాను.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రద్దీ తగ్గుతోంది. రేకుల కప్పు, పొడుగాటి బల్లలు, పొగ పట్టిన గోడ. వంటగది గుమ్మంలో ఎత్తు స్టూలు మీద పెద్దక్క. ముందు చెక్కా, కత్తీ, గుట్టగా ఉల్లిపాయలు. మోకాలికి పట్టీ ఉంది. మొహం చెమటతో మెరుస్తోంది. "పెద్దమ్మా, ఉప్పు చూడు" అని ఒకమ్మాయి గరిటె పట్టుకొస్తే అరచేతిలో చుక్క వేయించుకుని నాకి, "ఇంకో చిటికెడు" అంది. ఫ్యాక్టరీ బూట్లతో వచ్చిన కుర్రాడొకడు చెయ్యి కడుక్కుంటూ "పెద్దమ్మా, రేపు ముందే ఉంచు, నాది పొద్దుటి షిఫ్టు" అన్నాడు. మమ్మల్ని చూసి ఆవిడ నిజంగా సంతోషించింది. బల్ల తుడిపించింది. తమ్ముడి చొక్కా కాలరు సరిచేసింది.

ఆయన కూర్చోలేదు. కారు తాళాలు రెండు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. వంటవాళ్ళు, తినేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేను బయటికి పిలుద్దామా అనుకున్నాను. కానీ ఆయన అక్కడే మొదలుపెట్టాడు.

"అక్కా, ఆ రోజు నేను డాబా మీద నలుగురి ముందూ ఒక మాటన్నాను."

"ఏ మాట?" అంది పెద్దక్క. తెలియక కాదు. చెప్పించాలని.

"నీ చెయ్యి పడితే ఏదీ బతకదన్నాను." గరిటె అమ్మాయి పొయ్యి దగ్గర ఆగిపోయింది. "నీ చేతిలో బతికినవాణ్ణి. నేనే అన్నాను. నన్ను చూసి నవ్వుతున్నారని, ఆ నవ్వు నీ మీదికి తోసేశాను. ఆ రోజు నుంచి నీ మొహం చూడలేకపోతున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానక్కా."

పెద్దక్క కళ్ళు నిండాయి. ఉల్లిపాయలని అనుకోమన్నట్టు చెక్క వైపు చూసింది కానీ, ఎవరూ అనుకోలేదు. "సరేలేరా," అంది. "అన్నావు, పోయింది. అంత మాట అనిపించుకునే పని నేనూ చేశాను, చెప్పినా వినకుండా. అన్నం తిను ముందు."

"ఇంటికి పద అక్కా."

"వస్తాను. ఎందుకు రాను?" చేతులు తుడుచుకుని తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "వచ్చి ఏం చేయను? అది చెప్పు."

గట్టిగా అడగలేదు, దెప్పిపొడవలేదు. వచ్చే మనసుతోనే అడిగింది. ఆయన దగ్గర ఒక్క పని పేరుంటే చాలు, లేచి సంచి తెచ్చుకునేదే. అది నాకు తెలుసు, మా వదినకీ తెలుసు. మా వదిన ఆయన వైపు ఆశగా చూసింది. ఆయన నోరు తెరిచాడు. ఆయన కళ్ళు ఆ పొగ గోడ మీద తన ఇల్లంతా వెతుక్కోవడం నేను చూశాను. వంటిల్లు, గది బయటి వరండా, బట్టలు, గిన్నెలు, తలుపు, మొక్కలు. ఎక్కడికక్కడ తన చేతులతో తనే బిగించి వచ్చిన చోట్లు. పెద్దక్క కత్తి పక్కన పెట్టి, తొందరపెట్టకుండా ఎదురుచూసింది.

చివరికి ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుని అన్నాడు.

"నువ్వేం చేయక్కర్లేదక్కా. ఊరికే ఉంటే చాలు."

ఆ మాట బయటికొచ్చాక, ముందుగా విన్నది ఆయనే. తాళాలు నలపడం ఆగిపోయింది. తల దించుకున్నాడు.

పెద్దక్క మరో ఉల్లిపాయ అందుకుంది.